క్యాజువాలిటీలో అడగాల్సిన ప్రశ్న

గుండెనొప్పితో వచ్చినవాడికి ఈసీజీ తీస్తారు, రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. తలకు దెబ్బ తగిలితే సీటీ స్కాన్. ఆత్మహత్యకు ప్రయత్నించి వచ్చిన మనిషి ముందు, లేదా కాళ్ల నొప్పులని వచ్చి మాటల మధ్యలో 'ఇంక బతకాలని లేదు డాక్టర్' అన్న మనిషి ముందు డ్యూటీ డాక్టరు చేతిలో ఏ యంత్రమూ ఉండదు. ఇంటికి పంపాలా, వార్డులో ఉంచాలా, అర్ధరాత్రి సైకియాట్రిస్టుకు ఫోన్ చేయాలా అన్నది కాసేపట్లో తేల్చాలి. పక్క మంచం మీద యాక్సిడెంట్ కేసు ఉంటుంది, తలుపు దగ్గర బంధువులు కేకలేస్తుంటారు. ఆ కాసేపట్లో డాక్టరు ఏం చూడాలి, ఏం అడగాలి అన్నదానిపై నలభై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉంది. అదంతా ముందేసుకుని చదివితే తేలేది ఇదీ: ఎవరు చనిపోతారో ముందుగా పసిగట్టే ప్రయత్నం దాదాపుగా విఫలమైంది. ఆ ప్రయత్నాన్ని పక్కనపెట్టి, ఎదురుగా ఉన్న మనిషికి ఇప్పుడేం కావాలని అడిగిన చోట కొంత ఫలితం కనిపించింది.

1983లో రెండు పరిశోధనా పత్రాలు వెలువడ్డాయి. ఒకటి ప్యాటర్సన్, ఆయన సహచరులు రాసినది. వైద్య విద్యార్థులకు గుర్తుండేలా 'శాడ్ పర్సన్స్' అని పది అంశాల పట్టిక తయారుచేశారు. మగవాడా, వయసెంత, కుంగుబాటు ఉందా, ఇంతకుముందు ప్రయత్నించాడా, తాగుడు ఉందా, ఆలోచన గాడి తప్పిందా, అండగా ఎవరైనా ఉన్నారా, పథకం వేసుకున్నాడా, జీవిత భాగస్వామి లేని మనిషా, దీర్ఘకాలిక జబ్బుందా అని చూసి ఒక్కోదానికి ఒక్కో మార్కు వేస్తారు. మొత్తం కూడితే ఇంటికి పంపవచ్చా, చేర్చుకోవాలా తెలిసిపోతుందని ఆశ. రెండో పత్రం అలెక్స్ పోకోర్నీది. ఆయన అమెరికాలోని హ్యూస్టన్‌లో మాజీ సైనికుల ఆసుపత్రికి వచ్చిన 4,800 మంది మానసిక రోగులను ఐదేళ్ల పాటు గమనించాడు. వాళ్లలో 67 మంది ఆత్మహత్యతో మరణించారు. అప్పటికి తెలిసిన ప్రమాద సూచికలన్నీ కలిపి లెక్కగట్టినా ఆ 67 మందిలో సుమారు సగం మంది లెక్కకు దొరకలేదు. దొరికిన సగం కోసం, ఏమీ జరగని వెయ్యిమందికి పైగా మనుషుల మీద 'ప్రమాదం' అని ముద్ర వేయాల్సి వచ్చింది. మొదటి పత్రం హౌస్ సర్జన్ల జేబు పుస్తకాల్లోకి ఎక్కింది. రెండోది పరిశోధకుల మధ్యనే తిరిగింది. క్యాజువాలిటీ దాకా రావడానికి దానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

పోకోర్నీకి ఎదురైన చిక్కు ఆయన తెలివికి సంబంధించింది కాదు, అంకెలకు సంబంధించింది. తమను తాము గాయపరచుకుని ఆసుపత్రికి వచ్చినవారిపై వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను 2014లో ఒకచోట చేర్చి చూశారు. ఏడాదిలోపు మళ్లీ అదే కారణంతో ఆసుపత్రికి వచ్చేవారు నూటికి 16 మంది. ఏడాదిలోపు ఆత్మహత్యతో మరణించేవారు నూటికి 1.6. మామూలు జనంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. కానీ ఒక్కో మనిషి గురించి జోస్యం చెప్పడానికి ఇది చాలా తక్కువ. అలాంటివారు వెయ్యిమంది ఉన్నారనుకుందాం. వాళ్లలో 16 మంది ఏడాదిలో చనిపోతారు. మన దగ్గర ఏ పట్టికకూ లేనంత మంచి పరీక్ష ఒకటి ఉందనీ, చనిపోయేవారిలో 80 శాతాన్ని పట్టుకుంటుందనీ, చనిపోనివారిలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుందనీ అనుకుందాం. అప్పుడు కూడా అది 16 మందిలో 13 మందిని పట్టుకుంటుంది. వాళ్లతోపాటు ప్రమాదం లేని 197 మందిని కూడా పట్టుకొస్తుంది. అంటే 'హై రిస్క్' అని రాసిన 210 మందిలో 197 మంది విషయంలో ఆ మాట తప్పు. ముగ్గురి విషయంలో 'లో రిస్క్' అన్న మాట ప్రాణాంతకమైన తప్పు. ఇది ఊహాలెక్కే. అయితే 2017లో గ్రెగరీ కార్టర్ బృందం నిజమైన అధ్యయనాలను కూడి చూసినప్పుడు కూడా, 'హై రిస్క్' అన్నవాళ్లలో ఆత్మహత్యతో మరణించినవారు నూటికి ఐదారుగురే తేలారు.

ఆ తర్వాత వచ్చిన సాక్ష్యమంతా ఈ లెక్క చుట్టూనే తిరుగుతుంది. అదే 2017లో జోసెఫ్ ఫ్రాంక్లిన్, ఆయన సహచరులు యాభై ఏళ్లలో వచ్చిన 365 అధ్యయనాలను జల్లెడ పట్టారు. ఏ ఒక్క సూచికా, అంటే కుంగుబాటు గానీ, పాత ప్రయత్నం గానీ, నిరాశ గానీ, గుడ్డిగా ఊహించడం కంటే పెద్దగా మెరుగు కాదని తేల్చారు. మాథ్యూ లార్జ్ బృందం మానసిక రోగులపై జరిగిన దీర్ఘకాలిక అధ్యయనాలను కూడితే, చనిపోయినవారిలో దాదాపు సగం మంది 'లో రిస్క్' జాబితాలోనే ఉన్నారు. ఇంగ్లండులో ఐదు ఆసుపత్రుల్లో లీయా క్విన్లివన్ బృందం శాడ్ పర్సన్స్‌తో సహా పలు పట్టికలను ఒకేసారి పరీక్షించింది. అందులో నాకు ఆసక్తి కలిగించిన సంగతి వేరే ఉంది. 'మీకు మళ్లీ ఇలా జరిగే అవకాశం ఎంత అనుకుంటున్నారు?' అని రోగినే అడిగితే వచ్చిన జవాబు కంటే ఏ పట్టికా మెరుగ్గా పనిచేయలేదు. ముప్పై ఏళ్లకు పైగా మార్కులు కూడిన తర్వాత అందిన వార్త, రోగిని అడగమని.

ఇవన్నీ చూసి బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2022 సెప్టెంబరులో సూటిగా చెప్పింది: మళ్లీ ప్రయత్నిస్తారా, చనిపోతారా అని అంచనా కట్టడానికి పట్టికలు వాడవద్దు, లో, మీడియం, హై అని మనుషులను వర్గాలుగా విడదీయవద్దు, ఆ వర్గాన్ని చూసి ఎవరికి చికిత్స ఇవ్వాలో, ఎవరిని పంపేయాలో నిర్ణయించవద్దు. అమెరికా ఎమర్జెన్సీ డాక్టర్ల కాలేజీ అంత దూరం వెళ్లలేదు గానీ, కేవలం పట్టిక చూసి ఒక రోగి క్షేమమని డిశ్చార్జి చేయరాదని 2017లోనే చెప్పింది.

అయినా పట్టికలు పోలేదు. ఎందుకు పోలేదో ఆసుపత్రుల్లో తిరిగినవాళ్లకు తెలుసు. కేస్ షీట్‌లో ఒక అంకె ఉంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు 'మేం చూశాం' అని చెప్పుకోవడానికి ఉంటుంది. ఆ అంకె రోగికి రక్షణ కాదు, ఫైలుకు రక్షణ. ఈ మాట కటువుగా ఉండొచ్చు. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న పీజీ డాక్టరు తనకు దొరికిన గడ్డిపోచను పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు; గడ్డిపోచను ఇచ్చి దాన్నే పడవ అన్న వ్యవస్థను మాత్రం అడగాలి.

పట్టిక పనికిరాదంటే అడగడమే పనికిరాదని కాదు. జోస్యం చెప్పడానికి వాడే పట్టిక వేరు, మరుగున ఉన్న బాధను బయటికి తెచ్చే ప్రశ్న వేరు. ఈ తేడాను కలగాపులగం చేసేవాళ్లు చాలామంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో లీసా హోరోవిట్జ్ బృందం 2012లో నాలుగు ప్రశ్నల చిన్న సాధనం తయారుచేసింది. 10 నుంచి 21 ఏళ్ల వయసువారు ఏ కారణంతో అత్యవసర విభాగానికి వచ్చినా నర్సు అడగవచ్చు. అర నిమిషం కూడా పట్టదు. దాని ఉద్దేశం ఎవరు చనిపోతారో చెప్పడం కాదు, ఎవరితో ఇంకాస్త కూర్చుని మాట్లాడాలో చెప్పడం. పెద్దల విషయంలో ఎనిమిది అమెరికన్ అత్యవసర విభాగాల్లో 'ఈడీ-సేఫ్' అనే పెద్ద పరిశీలన జరిగింది. వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగాలని నియమం పెట్టాక, అడిగిన సందర్భాలు 26 శాతం నుంచి 84 శాతానికి పెరిగాయి. ఆత్మహత్య ఆలోచనలు బయటపడ్డవారు 2.9 శాతం నుంచి 5.7 శాతానికి చేరారు. అంటే అంతకుముందు సగం మంది తమ మాట చెప్పకుండానే మందులు తీసుకుని వెళ్లిపోయేవారన్న మాట.

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అన్న భయం మన దగ్గర బలంగా ఉంది, డాక్టర్లలో కూడా. 'శుభమా అని వచ్చినవాణ్ణి అలా అడగడమేంటి' అంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో హైస్కూలు పిల్లలపై మడలిన్ గూల్డ్ 2005లో ప్రచురించిన ప్రయోగం ఈ భయాన్ని నేరుగా పరీక్షించింది. అడిగిన పిల్లల్లో బాధ గానీ, ఆలోచన గానీ పెరగలేదు. తర్వాత వచ్చిన సమీక్షలూ అదే చెప్పాయి.

ఎలా అడగాలన్నదే అసలు విద్య. షాన్ షియా అనే అమెరికన్ సైకియాట్రిస్టు దీనిమీద పుస్తకమే రాశాడు. ఆయన పద్ధతిలో మెలకువ ఏమిటంటే, తీర్పులు కాకుండా సంఘటనలు అడగడం. 'నిజంగానే చనిపోవాలనుకున్నావా?' అంటే ఎవరైనా 'లేదు' అంటారు, పక్కన అమ్మో మామగారో ఉంటే ఇంకా గట్టిగా అంటారు. 'ఇంత కష్టంలో ఉన్నప్పుడు చాలామందికి బతకాలనిపించదమ్మా, నీకూ అలా అనిపించిందా?' అంటే సిగ్గు కొంత తగ్గుతుంది. ఆ తర్వాత వరసగా అడుగుతారు: నిన్న సాయంత్రం ఏం జరిగింది, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు, ఆ తర్వాత ఏం చేశావు, ఎవరికైనా ఫోన్ చేశావా, ఇప్పుడు బతికి బయటపడ్డాక ఎలా అనిపిస్తోంది. ఈ ఆఖరు ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విలువైనది. బతికినందుకు ఊపిరి పీల్చుకున్నవాడికీ, బతికినందుకు విసుక్కుంటున్నవాడికీ ఆ రాత్రి కావలసింది ఒకటి కాదు. ఆ తర్వాత ఇటీవలి రెండు నెలలు, అంతకుముందు జీవితం, ఇక ఈ క్షణం. ఈ క్రమంలో వెళితే రోగి దాచుకున్నది దానంతటదే కథలోకి వచ్చేస్తుంది.

ఇక్కడ కొత్త డాక్టర్లు తరచు పడే గోతులు రెండు. ఒకటి, ఒంటికి తగిలిన దెబ్బను బట్టి మనసులోని ఉద్దేశాన్ని కొలవడం. ఒంట్లోకి వెళ్లినది తక్కువ కాబట్టి 'బెదిరించడానికి చేసింది' అని నర్సుల గదిలో అనడం వింటుంటాం. చాలామందికి తాము చేసిన పని ఎంత ప్రమాదమో తెలియదు. తక్కువ హాని జరిగినవాడి కోరిక బలంగా ఉండొచ్చు, ఐసీయూలో ఉన్నవాడిది క్షణికావేశం కావచ్చు. దక్షిణాసియాలో పురుగుల మందు కేసులపై జరిగిన పరిశోధనల్లో ఈ రెండోది పదేపదే కనిపిస్తుంది. రెండో గొయ్యి మద్యం. తాగిన మత్తులో చెప్పినదాన్ని కొట్టిపారేయకూడదు, అదే ఆఖరు మాటగా తీసుకోకూడదు కూడా. మత్తు దిగేదాకా ఉంచి మళ్లీ మాట్లాడాలి. తెల్లారి 'అబ్బే, ఏదో తాగిన మైకంలో' అన్నా, వారం తిరిగేసరికి మళ్లీ తాగుతాడు కదా అన్నది లెక్కలో ఉండాలి.

తెలుగు జిల్లాల క్యాజువాలిటీలో ఈ సంభాషణకు ఇంకో అడ్డంకి ఉంది. విషం కేసు అనగానే మెడికో-లీగల్ కేసుగా రాసి ఔట్‌పోస్టు పోలీసుకు కబురు వెళుతుంది. దాంతో కుటుంబం మొదటి మాటగా 'పొరపాటున తాగాడు, దగ్గు మందనుకున్నాడు' అంటుంది. రోగి స్పృహలోకి వచ్చాక కూడా అదే కథ. 'కడుపునొప్పి తాళలేక' అన్న వాక్యం దశాబ్దాలుగా మన జిల్లా పేజీల వార్తల్లో ఎన్ని వేలసార్లు అచ్చయిందో! కొందరి విషయంలో అది నిజమే, జబ్బు కూడా పెద్ద కారణమే. చాలామంది విషయంలో అది స్టేషన్‌కీ ఇరుగుపొరుగుకీ చెప్పిన సమాధానం. డాక్టరు ఆ సమాధానాన్నే కేస్ షీట్‌లో రాసుకుంటే అంచనా మొదలుకాకముందే ముగిసినట్టు. అందుకే బంధువులను కాసేపు బయట కూర్చోమనడం, తెర లాగడం, 'ఇది నేను పోలీసుల కోసం అడగడం లేదు' అని చెప్పడం, ఇవన్నీ మర్యాదల కింద లెక్క కాదు, అంచనాలో భాగం. తర్వాత బంధువులతో విడిగా మాట్లాడటం కూడా అంతే అవసరం. అప్పు సంగతి భార్యకు తెలియకపోవచ్చు, భార్యకు తెలిసిన సంగతి అతను చెప్పకపోవచ్చు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు, లక్షకు 12.4. తెలంగాణలో ఆ రేటు 26.3, దేశ సగటుకు రెట్టింపు దాటింది. కారణాల్లో మొదటి స్థానం కుటుంబ సమస్యలది, రెండోది అనారోగ్యానిది. ఈ కారణాలు ఎవరు ఎవరికి చెబితే నమోదయ్యాయో పైన చూశాం.

ఈడీ-సేఫ్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి, ఎందుకంటే ఈ మొత్తం చర్చలో నిర్ణయాత్మకమైన మాట అక్కడుంది. అది మూడు దశల్లో సాగింది. మొదట మామూలుగా చూశారు. తర్వాత అందరినీ ప్రశ్నలు అడిగారు. మూడో దశలో ప్రశ్నలతోపాటు రోగితో కలిసి కాగితం మీద ఒక భద్రతా ప్రణాళిక రాశారు, ఆ తర్వాత ఏడాది పాటు ఇంటికి ఫోన్లు చేశారు. 1,376 మందిని అనుసరిస్తే, ప్రశ్నలు మాత్రమే అడిగిన దశలో మళ్లీ ప్రయత్నించేవారి సంఖ్య తగ్గలేదు. మూడో దశలో 23 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కనిపెట్టడం వల్ల తగ్గలేదు, కనిపెట్టాక వదలకపోవడం వల్ల తగ్గింది. ఇంగ్లండులో నవ్ కపూర్ బృందం మూడు నగరాల రికార్డులు చూసినప్పుడు, పూర్తిస్థాయిలో కూర్చుని మాట్లాడి అంచనా వేసిన రోగులు రెండు నగరాల్లో మళ్లీ ఆసుపత్రికి రావడం 40 శాతం తక్కువగా ఉంది; మూడో నగరంలో ఏ తేడా లేదు. అంటే మంచి సంభాషణే కొంత చికిత్స కావచ్చు, కానీ ప్రతిచోటా అది మంచి సంభాషణ కాకపోవచ్చు.

భద్రతా ప్రణాళికను బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించారు. ఒక పేజీ. మనసు దిగజారుతున్నట్టు నాకెలా తెలుస్తుంది, అప్పుడు నేను ఒంటరిగా ఏం చేసుకోగలను, ఎవరి దగ్గరికి వెళితే మనసు మళ్లుతుంది, ఎవరిని సాయం అడగగలను, ఏ డాక్టరుకు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇంట్లో ప్రమాదమైన వస్తువులను ఎవరు తీసేస్తారు. ఇవన్నీ రోగి మాటల్లోనే రాయాలి. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో ఈ కాగితం, దానికి తోడు ఫోన్లు కలిపి ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తనను దాదాపు 45 శాతం తగ్గించాయని 2018లో తేలింది. దీన్ని మన దగ్గర అలవాటైన 'ఇంకెప్పుడూ చేయనని ఒట్టేయి, సంతకం పెట్టు' పద్ధతితో పోల్చకూడదు. ఒట్టు పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. పైగా మళ్లీ ఆలోచన వచ్చిన రోజు ఆ ఒట్టే అతని నోరు నొక్కేస్తుంది.

ఇంట్లో ప్రమాదమైన వస్తువుల గురించి ఒక మాట. పల్లెల్లో పంట మందు డబ్బాలు పెట్టెలో పెట్టి తాళం వేస్తే చాలనుకున్నారు. శ్రీలంకలో 180 ఊళ్లు తీసుకుని, వాటిలో సగం ఊళ్లలో ఆ తాళం పెట్టెలు పంచి 2017లో ఫలితం ప్రచురిస్తే, ఏ తేడా కనిపించలేదు. తాళం చెవి ఇంట్లోనే ఉంటుంది కదా. అందుకని డిశ్చార్జి వేళ డాక్టరు అడగాల్సింది తాళం గురించి కాదు. కొన్నాళ్ల పాటు ఆ డబ్బాలు వేరే ఇంటికి పంపుతారా, ఎవరు తీసుకెళతారు అని.

మనకు అత్యంత దగ్గరి సాక్ష్యం చెన్నైది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్‌లోని కాంపినాస్, చెన్నై, కొలంబో, ఇరాన్‌లోని కరాజ్, చైనాలోని యూంచెంగ్ అత్యవసర విభాగాల్లో 1,867 మందితో ఒక ప్రయోగం చేసింది, 2008లో ఫలితాలొచ్చాయి. చెన్నైలో దీన్ని నడిపింది 1986లో ఆత్మహత్యల నివారణకు 'స్నేహ' సంస్థను స్థాపించిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్. సగం మందికి మామూలు చికిత్స. మిగతా సగం మందితో డిశ్చార్జికి ముందు ఒక గంట విడిగా మాట్లాడారు, తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఇంటికెళ్లో పలకరించారు. ఆ వ్యవధిలో ఆత్మహత్యతో మరణించినవారు మొదటి గుంపులో 2.2 శాతం, రెండో గుంపులో 0.2 శాతం. ఖరీదైన మందు లేదు, పెద్ద యంత్రం లేదు. ఈ ఫలితాన్ని అద్భుతంగా చెప్పేవాళ్లు, ఫ్రెంచ్ పాలినేషియాలో ఇదే పద్ధతిని చిన్న స్థాయిలో మళ్లీ చేసినప్పుడు తేడా కనిపించలేదన్న సంగతిని కూడా చెప్పాలి. అక్కడ మామూలు సేవలే కాస్త మెరుగ్గా ఉండి ఉండొచ్చని నా అనుమానం. ఏమీ లేనిచోట తొమ్మిది పలకరింపులు పెద్ద మార్పు తెస్తాయి.

ఈ మధ్య కంప్యూటర్ లెక్కల గురించి చాలా ఆశ కనిపిస్తోంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి అత్యవసర విభాగంలో 1,818 మందిపై మాథ్యూ నాక్ బృందం చేసిన అధ్యయనంలో, రోగులు స్వయంగా నింపిన జవాబులూ వైద్య రికార్డులూ కలిపి చేసిన లెక్క డాక్టర్ల అంచనాను మించింది. అయితే మరణాన్ని ముందే చెప్పే లెక్కలన్నిటినీ 2019లో సమీక్షించినవారు మళ్లీ పోకోర్నీ గోడకే తగిలారు: అరుదైన సంఘటనను పట్టుకోవాలంటే వల పెద్దదవుతుంది, వలలో పడ్డవారిలో ఎక్కువమందికి ఏమీ కాదు. వలలో పడ్డవారికి చేసేది ఫోన్ చేసి పలకరించడమే అయితే ఆ తప్పుల వల్ల నష్టం లేదు. బలవంతంగా వార్డులో ఉంచడమైతే చాలా నష్టం.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 115వ సెక్షన్ అందరికీ తెలిసిందే: ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, విచారించి శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ అసలు లేనే లేదు; ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికి చేసే ఆత్మహత్యాయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. కానీ 115వ సెక్షన్‌కు రెండో భాగం ఉంది. అలాంటి వ్యక్తికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించి, మళ్లీ ప్రయత్నించే ప్రమాదాన్ని తగ్గించడం ప్రభుత్వ బాధ్యత అని అది చెబుతుంది. మొదటి భాగం క్యాజువాలిటీ దాకా వచ్చింది. రెండోది రావాలంటే జిల్లా ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో కుట్లు విప్పే తేదీ పక్కన పలకరింపు ఫోన్ తేదీ, ఆ ఫోన్ చేసే మనిషి పేరు ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సహాయవాణి టెలీ-మానస్, 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా, రాత్రీపగలూ పలుకుతుంది; కానీ దానికి ఫోన్ చేయాల్సింది బాధలో ఉన్న మనిషే. చెన్నైలో ఫోన్ అటునుంచి వచ్చింది.